కరెంటు తీగ మీదే కబురు: ఎక్స్‌10 ఎలా పుట్టింది, ఎక్కడ తడబడింది

ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి దీపాలు, పరికరాలు వేసే, ఆపే పాత పద్ధతి పేరు ఎక్స్‌10. దాని కథ ఇది. స్కాట్లాండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో గ్లెన్‌రోథెస్ అని ఒక ఊరుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొత్తగా కట్టిన పట్టణాల్లో అదొకటి. అమెరికాకు చెందిన జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ అక్కడ చిప్పుల ప్లాంటు నడిపేది. అందులో పనిచేసే ఇంజినీర్లు కొందరు 1970లో బయటికొచ్చి, అదే ఊళ్ళో పికో ఎలక్ట్రానిక్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఇంట్లో లైట్లు దూరం నుంచి వెయ్యడం, ఆపడం అన్న ఊసే అప్పటికి లేదు. వాళ్ళ పని కాలిక్యులేటర్ చిప్పులు. కాలిక్యులేటర్‌కి కావలసిన లెక్కంతా ఒకే చిప్పులో ఇమిడ్చే పనిలో వాళ్ళది ముందువరస. 1971లో వచ్చిన మన్రో రాయల్ డిజిటల్ 3 కాలిక్యులేటర్‌లో ఉన్నది జనరల్ ఇన్‌స్ట్రుమెంట్‌తో కలిసి పికో చేసిన చిప్పే.

కాలిక్యులేటర్ల వ్యాపారం ఎంత జోరుగా లేచిందో అంత జోరుగానూ కూలింది. అమ్ముడుపోయే సంఖ్య పెరిగేకొద్దీ చిప్పు ధర పడిపోతూ వచ్చింది, చేసినవాడికి మిగిలేది చిల్లరే. అప్పుడు పికో వాళ్ళు దారి మార్చారు. ఇంకొకరి వస్తువులోకి చిప్పు చేసిచ్చే బదులు, చిప్పు చుట్టూ ఉండే వస్తువు మొత్తం తామే తయారు చెయ్యాలనుకున్నారు. స్టార్టప్ చరిత్రలు చెప్పేటప్పుడు అందరూ మెరుపులాంటి ఆలోచన గురించే మాట్లాడతారు గానీ, ఇక్కడ అసలు తోసింది మాత్రం పడిపోతున్న చిప్పు ధరే.

వాళ్ళు ప్రాజెక్టులకి పేర్లు పెట్టేవారు కాదు, నంబర్లు వేసేవారు. ఎక్స్‌1 నుంచి ఎక్స్‌8 దాకా అన్నీ కాలిక్యులేటర్ చిప్పులు. ఎక్స్‌9 ఒక రికార్డు ప్లేయరు. బర్మింగ్‌హామ్ సౌండ్ రీప్రొడ్యూసర్స్, అంటే బీఎస్ఆర్, అప్పట్లో రికార్డు ఛేంజర్లు (ఒకదాని తర్వాత ఒకటి రికార్డులు మార్చి వేసే ప్లేయర్లు) తయారుచేసే పెద్ద కంపెనీ. దానికోసం చేసిన ఆక్యుట్రాక్ 4000లో పాటల వరస ముందే నొక్కి పెట్టుకోవచ్చు. కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి రికార్డు మీద పడుతుంది. పాటకీ పాటకీ మధ్య ఖాళీ పట్టీ కాంతిని ఎక్కువగా వెనక్కి కొడుతుంది కాబట్టి ఎన్నో పాట దగ్గరున్నామో మెషీన్ లెక్కపెట్టుకునేది. దానికి రిమోట్ కూడా ఉండేది. కుర్చీలోంచి లేవకుండా పాట మార్చగలిగితే దీపం ఎందుకు ఆర్పకూడదు? 1975లో మొదలైన పదో ప్రాజెక్టు ఇదే. ప్రాజెక్టు నంబరే చివరికి సరుకు పేరైంది, కంపెనీ పేరూ అయింది.

దీపం ఆర్పమన్న మాట ఒక గది నుంచి ఇంకో గదికి చేరాలి. కొత్తగా సన్న తీగలు లాగాలంటే గోడలు పగలగొట్టాలి, ఆ మాటంటేనే ఏ ఇంటివాళ్ళూ ఒప్పుకోరు. అల్ట్రాసోనిక్ ధ్వని, అంటే చెవికి వినపడని ధ్వని, గోడ దాటదు. ప్రతి బల్బు దగ్గరా ఒక రేడియో రిసీవరు అంటే ఆ రోజుల్లో ధర కిట్టదు. మిగిలింది ప్రతి గదికీ ముందే వెళ్ళి ఉన్న ఒకే ఒక్క తీగ, కరెంటు తీగ. దాని మీదే కబురు పంపాలని నిర్ణయించుకున్నారు. ఎక్స్‌10 గెలుపు ఈ నిర్ణయం వల్లే. తర్వాత మూడు దశాబ్దాలపాటు వాడేవాళ్ళు పడ్డ తిప్పలన్నీ కూడా ఈ నిర్ణయం వల్లే.

తీగ మీద ఏం వెళుతుంది

అమెరికాలో కరెంటు సెకనుకి 60 సైకిళ్ళు. ప్రతి సైకిల్లో వోల్టేజీ రెండుసార్లు సున్నాని దాటుతుంది. ఆ క్షణంలో లైను కాస్త ప్రశాంతంగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది: పంపే పెట్టెకీ అందుకునే పెట్టెకీ విడిగా గడియారాలు కలుపుకునే పని లేదు. ఇద్దరికీ వచ్చేది అదే కరెంటు, ఇద్దరూ చూసేది అదే సున్నా. సున్నా దాటిన 200 మైక్రోసెకన్లలోపు మొదలుపెట్టి 1 మిల్లీసెకను పాటు 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని లైను మీదికి వదిలితే అది 1. ఏమీ వదలకపోతే అది 0.

ఇంటికి ఒక అక్షరం, ఏ నుంచి పీ వరకు, మొత్తం 16. పరికరానికి ఒక అంకె, 1 నుంచి 16. వెరసి 256 చిరునామాలు. దీపానికీ ప్లగ్ పాయింటుకీ మధ్య తగిలించే పెట్టెని మాడ్యూల్ అంటారు. మాడ్యూల్ ముఖం మీద రెండు చిన్న చక్రాలుంటాయి, స్క్రూడ్రైవరుతో తిప్పి అక్షరం, అంకె పెట్టుకోవడమే. సెటప్ అంతే. పాస్‌వర్డు లేదు, అకౌంటు లేదు.

ఏ1 అనే దీపం వెలిగించాలనుకోండి. అక్షరం ఏ కోడ్ 0110. అంకె 1 కోడ్ 01100. ఆన్ అన్న ఆజ్ఞ కోడ్ 00101. అయిదు బిట్ల కోడ్‌లో చివరి బిట్ 0 అయితే అది పరికరం నంబరు, 1 అయితే ఆజ్ఞ. ఇక పంపేటప్పుడు ప్రతి బిట్‌నీ దాని వ్యతిరేకంతో జతచేసి పంపుతారు: 1 పంపాలంటే 10, 0 పంపాలంటే 01. కాబట్టి చిరునామా లైను మీద ఇలా వెళుతుంది:

1110 01 10 10 01 01 10 10 01 01

మొదటి నాలుగూ ప్రారంభ సంకేతం. దాన్ని 1110 అని పెట్టడంలో తెలివి ఉంది. జతలుగా వెళ్ళే డేటాలో రెండు 1లు పక్కపక్కన పడొచ్చు గానీ (0110), మూడు వరసగా ఎప్పుడూ పడవు. మూడు 1లు కనిపించాయంటే కచ్చితంగా కొత్త కబురు మొదలైనట్టే. మధ్యలో ఎక్కడ మేలుకున్నా మాడ్యూల్ దారి తప్పదు. జతల పద్ధతి వల్ల ఇంకో లాభం, లైను మీద చెత్త సిగ్నల్ ఒకటి దూరితే 11 అనో 00 అనో జత వస్తుంది, మాడ్యూల్ ఆ కబురు మొత్తాన్ని పక్కన పడేస్తుంది. అందుకే పాత ఎక్స్‌10లో చెప్పిన పని జరగకపోవడం మామూలు, చెప్పని పని జరగడం దానితో పోలిస్తే తక్కువ.

పైన రాసిన వరస 22 అర్ధ సైకిళ్ళు, అంటే 11 సైకిళ్ళు. దాన్ని రెండుసార్లు పంపాలి, 22. ఆ తర్వాత 3 సైకిళ్ళు ఖాళీ. మళ్ళీ అక్షరంతో కలిపి ఆజ్ఞ, అదీ రెండుసార్లు, 22. మొత్తం 47 సైకిళ్ళు. 60 హెర్ట్జ్ దగ్గర ఇది 0.78 సెకను, 50 హెర్ట్జ్ దగ్గర 0.94 సెకను. మీట నొక్కాక దీపం ఒక క్షణం ఆలోచించి వెలిగినట్టు ఉంటుంది. 16 దీపాలు విడివిడిగా వెయ్యాలంటే 12 సెకన్ల పైనే పడుతుంది. దానికి ఒక అడ్డదారి ఉంది: ఒకే అక్షరం కింద ఉన్న పరికరాల చిరునామాలన్నీ ముందు వరసగా పంపేసి, చివర్లో ఒక్కసారి ఆన్ పంపితే అన్నీ కలిసి వెలుగుతాయి.

ఇంకో చిన్న విషయం. ప్రతి 1నీ సున్నా దగ్గర ఒకసారి కాదు, ఆ అర్ధ సైకిల్లోనే మూడుసార్లు వదులుతారు, 2.778 మిల్లీసెకన్ల ఎడంతో. త్రీఫేజ్ సరఫరాలో మిగతా రెండు ఫేజుల సున్నాలు అక్కడ పడతాయి కాబట్టి. 50 హెర్ట్జ్ దేశాల్లో ఆ ఎడం 3.333 మిల్లీసెకన్లు. అమెరికా ఇళ్ళకి త్రీఫేజ్ అరుదు, అయినా డిజైన్‌లో దానికి ముందే చోటు పెట్టుకున్నారు.

1978 నాటి పెట్టె

పికో, బీఎస్ఆర్ కలిసి ఎక్స్‌10 పేరుతో కంపెనీ పెట్టి, 1978లో అమెరికాలో అమ్మకం మొదలుపెట్టాయి. రేడియో షాక్, సియర్స్ దుకాణాల్లో దొరికేది. రేడియో షాక్ దీన్ని ప్లగ్ ఎన్ పవర్ అని తన పేరుతో అమ్మింది. మొదటి సెట్‌లో ఉన్నవి మూడే రకాలు: 16 మీటల కమాండ్ కన్సోల్, దీపాలకి ల్యాంప్ మాడ్యూల్, మిగతా పరికరాలకి అప్లయెన్స్ మాడ్యూల్. గోడ స్విచ్, టైమరు ఆ వెనకే వచ్చాయి. కన్సోల్‌కి దూరం నుంచి నొక్కే చేతి రిమోట్ కూడా ఉండేది, అది అల్ట్రాసోనిక్. రికార్డు ప్లేయరు వాసన ఇంకా పోలేదన్నమాట.

ల్యాంప్ మాడ్యూల్లో ట్రయాక్ (కరెంటుని ముక్కలు చేసి వెలుతురు మార్చే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉంటుంది, 300 వాట్ల ఫిలమెంట్ బల్బు వరకు. వెలుతురు తగ్గించొచ్చు, పెంచొచ్చు. అప్లయెన్స్ మాడ్యూల్లో రిలే (అయస్కాంతంతో కదిలే స్విచ్) ఉంటుంది. టక్కుమని పెద్ద చప్పుడుతో మారుతుంది, 15 ఆంపియర్ల హీటర్‌ని మోస్తుంది, డిమ్ మాత్రం చెయ్యదు. మోటరు ఉన్న దేన్నీ ల్యాంప్ మాడ్యూల్‌కి తగిలించకూడదు. ట్రయాక్ ముక్కలు చేసిన కరెంటుకి మోటరు గుంయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

ఈ సెట్‌లో మెచ్చుకోవాల్సిన నిర్ణయం ఒకటుంది. "లైట్లన్నీ వెయ్యి" అన్న ఆజ్ఞకి ల్యాంప్ మాడ్యూళ్ళు మాత్రమే పలుకుతాయి, అప్లయెన్స్ మాడ్యూళ్ళు పలకవు. "అన్నీ ఆపు" అన్న ఆజ్ఞకి రెండూ పలుకుతాయి. అర్ధరాత్రి చప్పుడైందని భయపడి ఒక మీట నొక్కితే ఇల్లంతా వెలగాలి గానీ, ఇస్త్రీపెట్టె, హీటరు ఆన్ కాకూడదు. ఇప్పటి యాప్‌లలో "అన్నీ ఆన్" అని సీన్ పెట్టుకునేవాళ్ళు చాలామంది ఈ తేడా పాటించరు.

డిమ్ విషయంలో మాత్రం అంత తెలివి చూపలేదు. మొదటి తరం ల్యాంప్ మాడ్యూల్‌కి "30 శాతం దగ్గర పెట్టు" అని చెప్పడం కుదరదు. "ఒక మెట్టు తగ్గు", "ఒక మెట్టు పెరుగు" అంతే. ఆరిపోయి ఉన్న దీపానికి డిమ్ పంపితే ముందు పూర్తి వెలుతురుతో భగ్గున వెలిగి, అక్కణ్ణుంచి తగ్గుతుంది. రాత్రి పిల్లల గదిలో సన్న వెలుతురు కోసం కొన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

సరుకు చవక, బిగించడం తేలిక కాబట్టి బాగానే పోయింది. లెవిటన్, స్టాన్లీ లాంటి పేర్లతోనూ అమ్ముడుపోయింది. రికార్డు ప్లేయర్ల కాలం చెల్లి బీఎస్ఆర్ వెనక్కి తగ్గాక కూడా ఎక్స్‌10 నిలబడింది. పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక సీపీ290, ఆ తర్వాత సీఎం11ఏ అనే ఇంటర్‌ఫేస్‌లు వచ్చాయి. సీరియల్ పోర్టుకి తగిలిస్తే టైము ప్రకారం ఇంటిని నడపొచ్చు. సొంతంగా సర్క్యూట్లు చేసుకునేవాళ్ళకి టీడబ్ల్యూ523 అనే పెట్టె ఇచ్చారు. 120 వోల్టుల లైనుని నేరుగా ముట్టుకోకుండా, కాంతి ద్వారా సిగ్నల్ దాటించే ఆప్టోకప్లర్ల ఇవతల నుంచి సిగ్నల్ పంపడానికీ వినడానికీ. ఇలా తలుపు తెరిచి పెట్టడం వల్లే ఔత్సాహికుల గుంపు ఒకటి దీని చుట్టూ తయారైంది. అసలు కంపెనీ పట్టించుకోని లోపాలకి మందు కనిపెట్టింది ఎక్కువగా వాళ్ళే.

ఎక్కడ తేడా కొడుతుంది

మొదటి శత్రువు కెపాసిటరు. టీవీ, కంప్యూటరు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్, వీటి లోపల ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య గోల తగ్గించే కెపాసిటరు ఒకటి ఉంటుంది, సాధారణంగా 0.1 లేదా 0.22 మైక్రోఫారడ్‌లు. 50 హెర్ట్జ్ కరెంటుకి 0.1 మైక్రోఫారడ్ అంటే దాదాపు 32,000 ఓములు, ఉందో లేదో తెలియదు. 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కి అదే కెపాసిటరు 13 ఓములు. అలాంటివి అయిదు ఇంట్లో ఉంటే మొత్తం 2.7 ఓముల దాకా దిగుతుంది. పంటకాలవకి దారిపొడుగునా తూములు తెరిచిపెడితే చివరి పొలానికి నీళ్ళు అందనట్టు, కొన్ని వోల్టులతో బయల్దేరిన సిగ్నల్ దూరపు గదికి వెళ్ళేసరికి పదుల మిల్లీవోల్టులకి పడిపోతుంది. మాడ్యూల్ నమ్మకంగా పలకాలంటే సుమారు 50 నుంచి 100 మిల్లీవోల్టులు కావాలి. 1978లో ఇంట్లో ఉన్న ఎలక్ట్రానిక్స్ ఒక టీవీ, ఒక రేడియో. పదిహేనేళ్ళు తిరిగేసరికి ప్రతి గదిలో స్విచింగ్ పవర్ సప్లై. మాడ్యూల్ మారలేదు, తీగ మారలేదు, తీగకి తగిలించిన సరుకు మారింది. "ముందు బాగానే పనిచేసేది" అన్న ఫిర్యాదుకి కారణం తొంభై పాళ్ళు ఇదే.

రెండోది ఫేజు. అమెరికా ఇంటికి ట్రాన్స్‌ఫార్మరు నుంచి కరెంటు ఉండే రెండు తీగలు, మధ్యలో న్యూట్రల్ వస్తాయి. సగం గదులు ఒక తీగ మీద, సగం ఇంకో తీగ మీద. ఈ తీగ మీద వదిలిన సిగ్నల్ ఆ తీగ మీదికి రావాలంటే వీధిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్ళి తిరిగి రావాలి. అంత దూరం వెళ్ళొచ్చాక మిగిలేది తక్కువ. దీనికి పేరుమోసిన లక్షణం ఒకటుంది: ఎలక్ట్రిక్ ఓవెన్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే మేడ మీద దీపం మాట వింటుంది! 240 వోల్టుల ఓవెన్ హీటింగ్ ఎలిమెంట్ రెండు తీగల మధ్యనే ఉంటుంది కాబట్టి, అది ఆన్ అయినప్పుడు సిగ్నల్‌కి వంతెన అవుతుంది. అసలు మందు, మెయిన్ బోర్డులో రెండు తీగల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరుతో చేసిన కప్లర్. ఇల్లు పెద్దదైతే సిగ్నల్‌ని విని, బలంగా తిరిగి పంపే రిపీటర్.

మూడోది పక్కింటివాళ్ళు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న ఇళ్ళ మధ్య సిగ్నల్ పాకుతుంది. డబ్బాలోంచి తీసినప్పుడు చక్రాలు ఏ1 దగ్గరే ఉంటాయి, చాలామంది మార్చరు. వాళ్ళు మీట నొక్కితే మీ దీపం ఆరుతుంది.

నాలుగోది బల్బు. ల్యాంప్ మాడ్యూల్లో ఒక సదుపాయం ఉంది: దీపం సొంత స్విచ్‌ని ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే మాడ్యూల్ పసిగట్టి ఆన్ అవుతుంది. పసిగట్టడానికి బల్బు గుండా అతిసన్నని కరెంటు ఎప్పుడూ పోతూ ఉండాలి. ఫిలమెంట్ బల్బుకి అది లెక్కలోకి రాదు. సీఎఫ్ఎల్, ఎల్ఈడీ బల్బుల్లో మాత్రం ఆ కరెంటు లోపలి కెపాసిటరుని నెమ్మదిగా నింపుతుంది, నిండగానే బల్బు ఒక్క మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపుని ఎవరో స్విచ్ వేశారనుకుని మాడ్యూల్ దీపాన్ని తనంతట తానే వెలిగిస్తుంది. గోడ స్విచ్ సంగతి ఇంకా ఇబ్బంది. దానికి న్యూట్రల్ తీగ ఉండదు, తన ఖర్చుకి కావలసిన కరెంటుని బల్బు గుండానే తీసుకుంటుంది. అందుకే కనీసం 60 వాట్ల లోడు కావాలి. 9 వాట్ల ఎల్ఈడీ పెడితే మినుకుమినుకుమంటుంది, లేదా అసలు మాట వినదు.

ఇవన్నీ కలిపినా, ఎక్స్‌10కి అసలు తెగులు వేరే. జవాబు లేకపోవడం. కన్సోల్ కబురు పంపుతుంది, దాని పని అయిపోయింది. దీపం వెలిగిందో లేదో దానికి తెలియదు. జవాబిచ్చే మాడ్యూళ్ళు తర్వాత కొన్ని వచ్చినా అప్పటికి లక్షల ఇళ్ళలో ఉన్నవి మూగవే. పైన చెప్పిన నాలుగు లోపాలూ ఉన్నా, "అందింది" అన్న ఒక్క మాట వెనక్కి వచ్చి ఉంటే, రానప్పుడు కన్సోల్ మళ్ళీ పంపి ఉండేది, వాడేవాళ్ళకి లోపం కనిపించేదే కాదు. సిగ్నల్ నెమ్మదిగా ఉందని ఎవరూ పారెయ్యలేదు. నమ్మలేకపోయారు కాబట్టి పారేశారు.

తేడా ఎక్కడుందో పట్టే వరస

పాత సెట్టు చేతికొచ్చినవాళ్ళు ఈ వరసలో చూస్తే టైము వృథా కాదు. ముందు కన్సోల్, మాడ్యూల్ రెంటినీ ఒకే ప్లగ్ పాయింటులో, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో తగిలించండి. ఫిల్టరు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బాక్స్ వద్దు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బుతో పరీక్షించండి. ఇక్కడే పలకకపోతే మాడ్యూల్‌ది తప్పు, లేదా చక్రం సరిగ్గా కూర్చోలేదు. పలికితే మాడ్యూల్‌ని దాని అసలు గదికి తీసుకెళ్ళండి. అక్కడ పలకకపోతే కన్సోల్‌ని కూడా అదే గదిలోకి మార్చి చూడండి. ఇప్పుడు పలికితే దూరమో, ఫేజో కారణం. అప్పటికీ పలకకపోతే ఆ గదిలోనే సిగ్నల్ మింగే పరికరం ఉంది.

మింగేవాణ్ణి పట్టాలంటే ఆ గదిలో ప్లగ్గులన్నీ పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు, కొన్ని పరికరాల్లో కెపాసిటరు స్విచ్‌కి ఇవతలే ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటే తగిలిస్తూ ప్రతిసారీ మీట నొక్కి చూడండి. ఏది తగిలించగానే దీపం మాట వినడం మానేసిందో అదే. దానికి ప్లగ్‌లో పెట్టే 5 ఆంపియర్ల ఫిల్టరు ఒకటి వస్తుంది, లోపల కాయిల్ ఉంటుంది, 120 కిలోహెర్ట్జ్‌ని పరికరంలోకి పోనివ్వదు. ఫిల్టరు పెట్టాల్సింది మింగే పరికరానికి, మాడ్యూల్‌కి కాదు. ఈ రెండూ తారుమారు చేసి, ఫిల్టరు పెట్టినా పనిచెయ్యలేదని గొడవపడేవాళ్ళే ఎక్కువ.

సీఎం11ఏ వాడేవాళ్ళకి ఒక సూచన. కరెంటు పోయి వస్తే అది టైము మర్చిపోయి, కంప్యూటరుని టైము అడుగుతూ సెకనుకోసారి 0ఎక్స్ఏ5 అనే బైట్ పంపుతూనే ఉంటుంది. టైము చెప్పేదాకా ఇంకో ఆజ్ఞ తీసుకోదు. సొంత ప్రోగ్రాము రాసుకునేవాళ్ళు ఈ ఒక్క బైట్‌ని పట్టించుకోకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఇల్లు బిగుసుకుపోతుంది.

కంపెనీ తర్వాతి కథ క్లుప్తంగా చెప్పొచ్చు. 1990ల చివర్లో పేటెంట్ల గడువు తీరింది, ఇతరులూ మాడ్యూళ్ళు చేశారు. ఎక్స్‌10 వైర్‌లెస్ కెమెరాల వైపు తిరిగి, ఇంటర్నెట్‌లో బ్రౌజర్ కిందనుంచి దూకే ప్రకటనలతో అమెరికా అంతా విసుగు పుట్టించింది. 2003లో దివాలా రక్షణ కోరింది. డెన్మార్క్‌లో జెన్‌సిస్ కంపెనీ జెడ్‌-వేవ్ రేడియో చేసింది, అమెరికాలో స్మార్ట్‌ల్యాబ్స్ 2005లో ఇన్‌స్టియాన్ తెచ్చింది. రెండూ ఇలాంటి పనికే వచ్చిన కొత్త పద్ధతులు, రెండింట్లోనూ ప్రతి కబురుకీ జవాబు ఉంటుంది. అయితే 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, యాప్ మీద ఆధారపడ్డ ఇళ్ళన్నీ చిక్కుల్లో పడ్డాయి. సర్వరే లేని 1978 నాటి కన్సోల్‌కి ఆ బాధ లేదు.

మన ఇళ్ళ దగ్గరికొస్తే

అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో ఈ మాడ్యూళ్ళు అప్పుడప్పుడు దిగుతుంటాయి. 120 వోల్టుల మాడ్యూల్‌ని మన 230 వోల్టుల పాయింటులో పెట్టొద్దు. లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, కెపాసిటరుతో వోల్టేజీ దించుకునే చవక సర్క్యూటు, పొగ వస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా లాభం తక్కువ. ఫ్రీక్వెన్సీ 50 గానే ఉంటుంది, 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఆ ట్రాన్స్‌ఫార్మరు దాటి ఇంటి వైరింగులోకి రావడం కష్టం. యూరప్ కోసం చేసిన 230 వోల్టుల, 50 హెర్ట్జ్ రకమే ఇక్కడ పనికొస్తుంది.

త్రీఫేజ్ మీటరు ఉన్న ఇళ్ళలో హాలు ఒక ఫేజు, బెడ్‌రూములు ఒక ఫేజు, గీజర్లు, ఏసీలు ఇంకో ఫేజు మీద ఉండటం మామూలు. ఓవెన్ లాంటి వంతెన మన ఇళ్ళలో లేదు, ఎందుకంటే ఇక్కడ గృహోపకరణాలు దాదాపు అన్నీ ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యే. అమెరికా పుస్తకం చూసి ఫేజుల మధ్య కెపాసిటరు కట్టాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఇక్కడ ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వోల్టుల పైమాటే. బజారులో దొరికే 275 వోల్టుల ఎక్స్2 రకం కెపాసిటరు (మెయిన్స్ లైను కోసం చేసే రకం) దానికి చాలదు, పేలిపోవచ్చు. తయారైన త్రీఫేజ్ కప్లర్‌ని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే మెయిన్ బోర్డులో పెట్టించాలి.

ఫ్యాన్‌ని ల్యాంప్ మాడ్యూల్‌తో నడపకూడదని పైన చెప్పిన కారణమే. అప్లయెన్స్ మాడ్యూల్‌తో ఆన్, ఆఫ్ చెయ్యొచ్చు, స్పీడు మాత్రం మెట్ల రెగ్యులేటరుకే వదిలెయ్యాలి. ఆ రెగ్యులేటరులో ఉండేవి కెపాసిటర్లు గానీ అవి ఫ్యాన్‌తో వరసలో ఉంటాయి, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య నేరుగా కాదు, కాబట్టి సిగ్నల్‌ని మింగవు.

న్యూట్రల్ సంగతి ఎక్స్‌10ని వదిలేసినా మనల్ని వదలదు. ఇప్పుడు స్విచ్ బోర్డు వెనక పెట్టే వైఫై రిలే మాడ్యూళ్ళకీ అదే కావాలి. మన బోర్డుల్లో ప్లగ్ పాయింటు కలిసి ఉంటే న్యూట్రల్ అక్కడే ఉంటుంది, సమస్య లేదు. స్విచ్‌లు మాత్రమే ఉన్న చిన్న బోర్డులో, మెట్ల దగ్గర టూవే స్విచ్ బోర్డులో చాలాసార్లు ఉండదు. కొనేముందు ఎంసీబీ ఆపి, బోర్డు విప్పి, తీగలు ఒకదాన్నొకటి తాకకుండా విడదీసి, మళ్ళీ ఆన్ చేసి మల్టీమీటరుతో ఫేజుకీ అనుమానం ఉన్న తీగకీ మధ్య చూడాలి. 230 చూపిస్తే న్యూట్రల్ కావచ్చు, ఎర్త్ కూడా కావచ్చు. ఆ తీగ ఎర్త్ పిన్నుకి కలిసి ఉందేమో, ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంచే మెయిన్ స్విచ్ ఆపాక కంటిన్యుటీ పెట్టి తేల్చుకోవాలి. న్యూట్రల్ లేదని ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకేజీని పసిగట్టి ఆపే స్విచ్) ఉంటే అది ట్రిప్ అయి పట్టిస్తుంది, లేకపోతే ఏదో రోజు గీజరు బాడీ పట్టిస్తుంది.

ఇన్వర్టరు ఉన్న ఇంట్లో తీగ మీది కబురుకి ఇంకో అడ్డు. కరెంటు పోగానే ఇన్వర్టరు లోపలి రిలే తన లైనుని మెయిన్స్ నుంచి విడదీస్తుంది. లైట్లు, ఫ్యాన్లు ఒక ద్వీపం, గీజరు, ఏసీ, మోటరు ఉన్న లైను ఇంకో ద్వీపం. కన్సోల్ ఇన్వర్టరు లైను మీద లేకపోతే కరెంటు పోయినప్పుడు అదీ ఆరిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయితే వోల్టేజీ సున్నాని దాటే తీరే మారిపోతుంది, లైను మీద గోల పెరుగుతుంది, సిగ్నల్ దొరకడం కష్టమవుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు తీసుకుని, కన్సోల్‌ని, అది నడపాల్సిన లైట్లని ఒకే ఇన్వర్టరు లైను మీద, ఒకే ఫేజులో పెట్టుకుంటే ఈ పాత పెట్టె ఇప్పటికీ పనిచేస్తుంది.